ఒంగోలు గిత్త తెలుపు, చీమకుర్తి రాయి నలుపు: లైట్‌రూమ్ మొబైల్‌కు మన జిల్లాల్లో పరీక్ష

మిట్టమధ్యాహ్నం ఎండలో ఒంగోలు గిత్తను ఫోన్‌తో ఒక ఫొటో తీసి చూడండి. వెనకాల చెట్టు నీడ చిక్కగా ఉంటే గిత్త ఒళ్లు సున్నం కొట్టిన గోడలా వెలిసిపోతుంది. మూపురం మీది బూడిద నీడ, గంగడోలు మడతలు కనిపించవు. దగ్గరికెళ్లి ఫ్రేము నిండా గిత్తే వచ్చేలా తీస్తే అదే తెలుపు మాసిన పంచె రంగుకు దిగుతుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌తో ఇదే తప్పు తిరగబడి వస్తుంది. కాటుకలాంటి రాయి ఫొటోలో సిమెంటు రంగు తేలుతుంది, దానిలో మెరిసే రాగిరంగు చుక్కలు అలికేసినట్టు అవుతాయి.

కారణం ఒక్కటే. కెమెరాలోని వెలుతురు కొలత ఎదుట ఉన్నదంతా కలిపి సగటున మధ్యరకం బూడిద రంగుకు తెద్దామని చూస్తుంది. తెలుపు ఎక్కువుంటే తగ్గిస్తుంది, నలుపు ఎక్కువుంటే పెంచుతుంది. ఆ కొలతను మన చేతిలోకి ఎంత తేలిగ్గా ఇస్తుంది, తీసిన తర్వాత ఎంత సరిదిద్దుకోనిస్తుంది అన్నదే ఫోన్ ఫొటోగ్రఫీ యాప్‌కు అసలు పరీక్ష. అడోబ్ కంపెనీ లైట్‌రూమ్ మొబైల్ యాప్‌నీ, దానిలోపలే ఉన్న, వాడేవాళ్లు తమ ఫొటోలు పంచుకునే కమ్యూనిటీ విభాగాన్నీ ఇక్కడ ఆ లెక్కనే చూస్తున్నాం.

కంప్యూటర్ లైట్‌రూమ్ 2007 నుంచి ఉంది. ఫోన్లు, ట్యాబ్లెట్ల లైట్‌రూమ్ 2014లో ఐప్యాడ్‌తో మొదలై 2015లో ఆండ్రాయిడ్‌కు వచ్చింది. చందా లేకుండా వాడుకునే వీలు కూడా 2015లోనే కలిగింది. గూగుల్ ఖాతాతో లాగిన్ అయితే చాలు. ఉచితంగా దొరికేవి: లోపలి కెమెరా, లైట్, కలర్, ఎఫెక్ట్స్, డిటెయిల్ ప్యానెళ్లు, క్రాప్, సొంత ప్రీసెట్లు (మళ్లీ వాడుకోవడానికి దాచుకున్న ఎడిట్లు), కమ్యూనిటీ. డబ్బు కడితే వచ్చేవాటిలో ముఖ్యమైనవి మాస్కింగ్ (ఫొటోలో ఒక్క భాగాన్నే సరిదిద్దడం), జామెట్రీ (వాలిన గీతల్ని నిటారు చేయడం), క్లౌడ్ నిల్వ, ఒకే ఎడిట్‌ను చాలా ఫొటోలకు ఒకేసారి అంటించడం. మెనూలు తెలుగులో లేవు. అది లోటే. అయినా నేర్చుకోవాల్సిన మాటలు మరీ ఎక్కువేమీ లేవు.

ముందు కెమెరా సంగతి. యాప్‌లో కెమెరా గుర్తు నొక్కితే ఆటో, ప్రొఫెషనల్, హెచ్‌డీఆర్ అని మోడ్‌లు ఉంటాయి. పైన ఫైలు రకం దగ్గర జేపీజీ బదులు డీఎన్‌జీ ఎంచుకోండి. డీఎన్‌జీ అంటే సెన్సర్ పట్టుకున్న వెలుతురు సమాచారాన్ని ఫోన్ వండకుండా పచ్చిగా దాచే ఫైలు. 12 మెగాపిక్సెళ్ల ఫొటో జేపీజీలో 3 నుంచి 5 ఎంబీ అయితే డీఎన్‌జీలో 10 నుంచి 25 ఎంబీ దాకా పోతుంది. మెమరీ తింటుంది కాబట్టి ప్రతిదానికీ వద్దు, తెలుపూ నలుపూ కీలకమైన చోటే వాడండి. కొన్ని ఫోన్లు బయటి యాప్‌లకు ఈ పచ్చి సమాచారం ఇవ్వవు. అప్పుడు డీఎన్‌జీ ఎంపికే కనిపించదు. అది యాప్ లోపం కాదు, ఫోన్ తయారీదారు పెట్టిన అడ్డు.

గిత్త ఫొటోకు వరస ఇది. కెమెరా సెట్టింగుల్లో హైలైట్ క్లిప్పింగ్ హెచ్చరిక ఆన్ చేయండి. వెలిసిపోతున్న చోట తెర మీద చారలు వస్తాయి. మూపురం మీద వేలితో తాకండి, ఫోకస్, వెలుతురు రెండూ అక్కడికి కుదురుతాయి. తర్వాత తెర మీద వేలు అడ్డంగా జరుపుతూ చారలు పోయేదాకా ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు) తగ్గించండి. ఎండలో సాధారణంగా మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దగ్గర ఆగుతుంది. ఫొటో కాస్త చీకటిగా కనిపించినా కంగారు పడొద్దు. డీఎన్‌జీలో చీకటిని పైకి తేవచ్చు, పూర్తిగా వెలిసిపోయిన తెలుపును మాత్రం ఏ స్లయిడరూ వెనక్కి తేలేదు.

ఎడిట్‌లో లైట్ ప్యానెల్ తెరిచి హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) మైనస్ 50 నుంచి 70 మధ్యకు దించండి. తర్వాత వైట్స్ స్లయిడర్ మీద రెండు వేళ్లు ఆనించి జరపండి. ఫొటో అంతా నల్లబడి, హద్దు దాటిన చోట్లు మాత్రమే వెలుగుతాయి. ఆ మచ్చలు ఇంకా పుట్టకముందే ఆగితే అది సరైన తెలుపు. ఈ రెండు వేళ్ల కిటుకు ఎక్స్‌పోజర్, షాడోస్ (నీడ భాగాలు), బ్లాక్స్‌కు కూడా పనిచేస్తుంది. యాప్ మొత్తంలో ఇంత విలువైన సదుపాయం ఇంకోటి లేదు, కానీ మెనూల్లో ఎక్కడా కనపడదు కాబట్టి ఏళ్ల తరబడి వాడేవాళ్లు కూడా ఎరగరు. షాడోస్ ప్లస్ 20కి మించితే కడుపు కింది నీడలో రవ్వరవ్వగా నాయిస్ లేస్తుంది. చెట్టునీడలో నిలబెట్టి తీసిన గిత్త నీలంగా కనిపిస్తే అది ఆకాశం రంగు. డీఎన్‌జీ అయితే టెంప్ స్లయిడర్ కెల్విన్‌లలో ఉంటుంది, 5500 దగ్గరుంటే 6000 దాకా పెంచండి. జేపీజీకి కెల్విన్ ఉండదు, మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా ఉజ్జాయింపు కొలతే. స్లయిడర్‌ను రెండుసార్లు తడితే సున్నాకు తిరిగొస్తుంది, ఫొటోను నొక్కి పట్టుకుంటే పాత రూపు కనిపిస్తుంది.

గెలాక్సీ రాయికి పని వేరు. పాలిష్ పట్టిన పలకలో ముందు మీ మొహం, ఆకాశం కనిపిస్తాయి. పలకకు ఎదురుగా కాకుండా పక్కకు జరిగి, పలకలో ఏదైనా చీకటి వస్తువు ప్రతిబింబించే కోణం చూసుకోండి. ఎక్స్‌పోజర్ మైనస్ 1కి దించండి. ఆ రాయిలోని చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి, చాలా సన్నగా ఉంటాయి. ఫోన్ సొంత కెమెరా జేపీజీ తీసేటప్పుడు నాయిస్ తుడిచేస్తుంది కదా, ఆ తుడుపులో చుక్కల్ని కూడా నాయిస్ అనుకుని అలికేస్తుంది. గ్రానైట్ వ్యాపారులు కొనేవాళ్లకు పంపే ఫొటోల్లో గెలాక్సీ రాయి మామూలు నల్లరాయిలా కనబడటానికి కారణం చాలాసార్లు ఇదే. లైట్‌రూమ్‌లో డీఎన్‌జీ తీసి, డిటెయిల్‌లో నాయిస్ రిడక్షన్ 10 లోపు ఉంచి, ఎఫెక్ట్స్‌లో టెక్స్‌చర్ ప్లస్ 20 ఇస్తే చుక్కలు విడివిడిగా నిలబడతాయి. క్లారిటీ జోలికి ఎక్కువ పోవద్దు, పలక మీద లేని మబ్బులు కనిపిస్తాయి. వ్యాపారానికి తీసే ఫొటోలో రాయి కంటికి కనిపించినంతే మెరవాలి. అంతకు మించి మెరిపిస్తే సరుకు దిగాక మాట పడేది మీరే.

ఇదే మాట కొండపి, టంగుటూరు వైపు పొగాకు రైతులకూ వర్తిస్తుంది. బ్యారన్‌లో కాల్చిన ఆకుకు రంగే ధర. ఆకు నిమ్మపండు పసుపా, నారింజా, గోధుమ రంగా అన్నది ఫొటోలో కాస్త వెచ్చదనం తేడాతోనే మారిపోతుంది. ఫోన్ ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనిపించేలా రంగులు సర్దే లెక్క) ఫ్రేము నిండా పసుపు చూడగానే దాన్ని తగ్గించి నీలం కలుపుతుంది. అందుకే ఆకు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి. కలర్ ప్యానెల్‌లో వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌తో ఆ కాగితం మీద తాకితే ఆకు అసలు రంగు వస్తుంది. కాగితాన్ని తర్వాత క్రాప్ చేసుకోవచ్చు. ఒక్కో రంగును విడిగా మార్చే మిక్స్‌లో పసుపు, నారింజ సాచురేషన్ (రంగు గాఢత) ముట్టుకోకుండా వదిలేయండి.

చేపల పులుసుకు తెల్ల కాగితం అక్కర్లేదు, పక్కన అన్నం ఉంటుంది. ఎల్ఈడీ బల్బు కింద పులుసు పచ్చటి ఛాయతో తేలితే డ్రాపర్‌ను అన్నం మీద పెట్టండి. పులుసు కలవని చోట, నీడ పడని చోట తాకాలి. స్టీలు కంచం మీద తాకితే దాంట్లో ప్రతిబింబించే ఎరుపు వల్ల లెక్క తప్పుతుంది. అందరూ చేసే పొరపాటు సాచురేషన్ పెంచడం. పులుసులో ఎరుపు ముందే హద్దు అంచున ఉంటుంది, ఇంకాస్త పెంచేసరికి చింతపండు గుజ్జు చిక్కదనం, మామిడికాయ ముక్క అంచు, పైన తేలే నూనె అన్నీ కలిసి ఒకే ఎర్రటి ముద్ద అవుతాయి. సాచురేషన్ మైనస్ 5, మిక్స్‌లో ఎరుపు లూమినెన్స్ (ఆ రంగు వెలుగు) ప్లస్ 10, నారింజ లూమినెన్స్ ప్లస్ 5 ఇచ్చి చూడండి, పులుసుకు లోతు వస్తుంది. ఫ్లాష్ వేస్తే నూనె మీద తెల్ల మచ్చలు పడతాయి, వాటిని తర్వాత తీయడం కష్టం. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా తీయడమే మార్గం.

ప్రొఫెషనల్ మోడ్ ఎందుకంటే రొయ్యల గుంటల దగ్గర తెలుస్తుంది. ఏరేటర్ చక్రాలు చిమ్మే నీటిని చుక్కచుక్కగా నిలబెట్టాలంటే షట్టర్ 1/1000 సెకను లేదా ఇంకా వేగం కావాలి. పాలధారలా సాగదీయాలంటే 1/30 లేదా 1/15. ఇక్కడ చాలామంది చిక్కుకుపోతారు. చాలా ఫోన్ల లెన్సుకు ఎపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) మారదు, ఎఫ్/1.8 ఉంటే ఎప్పుడూ ఎఫ్/1.8 మాత్రమే. నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన) 50 పెట్టినా సరైన షట్టర్ సుమారు 1/4000 దగ్గర పడుతుంది. అదే ఎండలో 1/30 పెడితే ఏడు స్టాపులు (ఒక్కో స్టాపుకూ వెలుతురు రెట్టింపు) ఎక్కువై ఫొటో మొత్తం తెల్లకాగితం అవుతుంది. కాబట్టి పాలధార కావాలంటే తెల్లవారుజామున సూర్యుడు రాకముందో, పొద్దుగూకాకో వెళ్లాలి, లేదా లెన్సు ముందు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు క్లిప్పు పెట్టుకోవాలి. 1/30 కన్నా నెమ్మదైన షట్టర్‌కు ఫోన్‌ను గట్టు మీద ఇటుకకో, స్టాండుకో ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. గట్టు మీద ఏరేటర్ మోటారు అదురు ఉంటే దానికి దూరంగా జరగండి.

హెచ్‌డీఆర్ మోడ్ కదలని వాటికి బాగుంటుంది. మైపాడు తీరంలో సూర్యోదయానికి పెడితే మాత్రం, వేర్వేరు వెలుతురుల్లో వరసగా తీసిన ఫొటోలను కలుపుతుంది కాబట్టి అలలు రెండేసిగా పడతాయి. అక్కడ ఒకే డీఎన్‌జీ తీసి షాడోస్ పెంచుకోవడం మేలు. మసక తీసే డీహేజ్‌తో ఆకాశాన్ని గిచ్చొద్దు. జేపీజీలో అయితే సూర్యుడి చుట్టూ మెట్లుమెట్లుగా గీతలు తేలుతాయి.

రాత్రి ఫొటోల్లో ఈ కెమెరా ఓడిపోతుంది, అది స్పష్టంగా చెప్పాలి. ఫోన్ సొంత కెమెరా నైట్ మోడ్ చాలా ఫ్రేములు తీసి కలిపి నాయిస్ తగ్గిస్తుంది. ఆ పని లైట్‌రూమ్ కెమెరా చేయదు. దీపాల వెలుతురులో ఉత్సవాలు తీసేటప్పుడు ఫోన్ కెమెరాతోనే తీసి, జేపీజీని లైట్‌రూమ్‌లోకి తెచ్చుకుని మెరుగులు దిద్దుకోండి.

ఇక కమ్యూనిటీ. లైట్‌రూమ్‌ను మిగతా ఎడిటింగ్ యాప్‌ల నుంచి వేరుచేసేది ఇదే. ఇక్కడ పెట్టే ఫొటో కింద అది ఎలా తయారైందో మొత్తం వరస ఉంటుంది. ఎడిట్స్ నొక్కితే మొదట కెమెరా ఇచ్చిన రూపు, తర్వాత ఒక్కో స్లయిడర్ ఎంత జరిగిందో, ఏ మాస్క్ ఎక్కడ పడిందో అంకెలతో సహా కనిపిస్తాయి. ముందూ తర్వాతా పోల్చుకోవచ్చు. లెర్న్ విభాగంలో పాఠాలున్నాయి. ఫొటో పెట్టిన మనిషి ఫొటో మీదే మీరు స్లయిడర్ జరుపుతూ పోతే ప్రతి అడుగుకూ కారణం రెండు వాక్యాల్లో చెబుతారు. అన్నీ దాదాపు ఇంగ్లీషులోనే ఉంటాయి. అయినా స్లయిడర్ కదలిక చూస్తే భాష పెద్ద అడ్డం కాదు.

దీన్ని చూసే పద్ధతి ఒకటుంది. అందమైన ఫొటోలు చూస్తూ కిందికి జారిపోతే గంట గడిచినా ఏమీ అంటదు. మీ చేతిలో ఉన్న చిక్కు ఏమిటో ఆ మాటతో వెతకండి. తెల్ల గిత్త కోసం తెల్ల గుర్రం, మంచు, తెల్ల గోడ అని ఇంగ్లీషులో వెతకండి. పులుసు కోసం సూపులు, టమాటా వంటలు చూడండి. ఒకే రకం చిక్కున్న ఐదు ఫొటోలు తెరిచి, ప్రతిదాంట్లో హైలైట్స్, వైట్స్, టెంప్ ఎంత పెట్టారో కాగితం మీద రాసుకోండి. ఐదుగురూ ఒకే వైపు జరిపిన స్లయిడర్ ఏదో తేలుతుంది, మీకు పనికొచ్చేది అదే. ఒక్కడే చేసినది అతని అభిరుచి.

సేవ్ యాజ్ ప్రీసెట్ నొక్కి ఇంకొకరి ఎడిట్‌ను మన ఫొటోకు అంటించడం దగ్గరే ఎక్కువమంది నిరాశ పడుతున్నారు. ఎందుకు కుదరదో తెలిస్తే తప్పు ప్రీసెట్‌ది కాదని అర్థమవుతుంది. ప్రీసెట్‌లో ఉండేవి అంకెలే. అవతలి ఫొటో చీకటిగా ఉందని ప్లస్ 1.2 ఎక్స్‌పోజర్ పెట్టుంటే, మన ఎండ ఫొటోకు కూడా ప్లస్ 1.2 వచ్చి పడుతుంది. అవతలిది డీఎన్‌జీ, మనది జేపీజీ అయితే వైట్ బ్యాలెన్స్ లెక్కే వేరు. బ్రష్‌తో గీసిన మాస్క్ అవతలి ఫొటోలో మనిషి ఉన్న చోటే మన ఫొటోలో పడుతుంది, అక్కడ మనకు చెట్టు ఉండొచ్చు. ఆకాశం, మనిషి వంటివాటిని తనంతట తాను గుర్తించే మాస్కులు మాత్రం కొత్త ఫొటోకు తగ్గట్టు మళ్లీ లెక్కేసుకుంటాయి.

అన్నిటికన్నా పెద్ద కారణం వెలుతురు. నెల్లూరు సుమారు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు నడిమధ్యలో ఒకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. ఆ వేళల్లో కళ్ల కింద, ముక్కు కింద నిటారుగా నీడలు పడతాయి. సాయంత్రం కూడా మన దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు కాబట్టి బంగారు వెలుతురు చప్పున అయిపోతుంది. యూరప్ లాంటి చోట్ల సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు, ఆ మెత్తటి వెలుతురు చాలాసేపు నిలుస్తుంది. కమ్యూనిటీలో కనిపించే ఎన్నో ప్రీసెట్లు ఆ వెలుతురుకు కొలిచి కుట్టినవి. వాటిని తెచ్చి మన మధ్యాహ్నానికి తొడిగితే నీడలు బూడిదగా, చర్మం ఇటుకరంగుగా తయారవుతాయి. నారింజ, నీలిఆకుపచ్చ కలిపిన సినిమా ఛాయ ప్రీసెట్లైతే ఆకుపచ్చను మొత్తం తోడేస్తాయి. ఏపుగా ఉన్న మొలగొలుకుల వరి చేను కోతకొచ్చినట్టు కనిపిస్తుంది. పోర్ట్రెయిట్ ప్రీసెట్లలో ఇంకొన్ని నారింజ లూమినెన్స్‌ను ఎత్తి పెట్టి మన చామనఛాయను తెల్లబరుస్తాయి. మనిషి రంగు మార్చే ప్రీసెట్ ఎంత పేరున్నవాళ్లదైనా తీసేయండి.

ప్రీసెట్ వాడక తప్పకపోతే ఇలా చేయండి. ముందు మీ ఫొటోకు ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ సరిచేయండి. ప్రీసెట్ వేశాక అమౌంట్ స్లయిడర్‌ను 100 నుంచి 40 లేదా 50కి దించండి. ఎక్స్‌పోజర్, టెంప్ మారిపోయి ఉంటే మీ అంకెలు మళ్లీ పెట్టండి. సొంతంగా తయారు చేసుకునేటప్పుడు క్రియేట్ ప్రీసెట్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ పెట్టెల్లో టిక్ తీసేసి దాచుకోండి. గిత్తకు ఒకటి, నల్లరాయికి ఒకటి, కిటికీ పక్క భోజనానికి ఒకటి, నడినెత్తి ఎండలో మనుషులకు ఒకటి. ఈ నాలుగూ మీ ఫోన్‌కు, మీ ఊరి వెలుతురుకు కుదిరినవైతే బయట దొరికే వందల ప్రీసెట్ల మూట అక్కర్లేదు.

మీరు ఫొటో పెట్టేటప్పుడు మూడు మీటలు తప్పకుండా చూసుకోండి: ప్రీసెట్‌గా దాచుకోనివ్వడం, ఫొటో తీసిన చోటు చూపడం, రీమిక్స్‌కు అనుమతి. రీమిక్స్ అంటే మీ ఫొటోనే ఇంకొకరు తమ పద్ధతిలో ఎడిట్ చేసి చూపడం. గిత్తకో రాయికో ఇది ఆన్ చేస్తే మీకే లాభం, అదే ఫైలును ఇతరులు ఎలా చూశారో తెలుస్తుంది. నేర్చుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి కనబడదు. మనుషులున్న ఫొటోకు మాత్రం ఆపేయండి. మొహర్రం రోజుల్లో నెల్లూరు రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకుని నిలబడిన ఆడవాళ్లు తమ కోరిక కోసమో, మొక్కు తీర్చుకోవడానికో వచ్చినవాళ్లు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె ఎవరు పట్టుకున్నారన్నది వాళ్ల సొంత విషయం. మొహం కనిపించేలా తీస్తే అడిగి తీయండి, పెట్టేముందు మళ్లీ అడగండి. చేతులు, రొట్టెలు, నీటి మెరుపులతోనే ఆ పండుగ మొత్తం చెప్పొచ్చు. ఇళ్లు, పొలాలు ఉన్న ఫొటోలకు చోటు చూపడం కూడా ఆపండి.

డబ్బు కట్టాలా అన్న ప్రశ్నకు జవాబు మాస్కింగ్ దగ్గర తేలుతుంది. గిత్తను ముట్టుకోకుండా వెనక చెట్టును మాత్రమే తేల్చాలన్నా, మనిషి మొహానికి మాత్రమే వెలుతురు ఇవ్వాలన్నా మాస్క్ కావాలి. వారానికి రెండు మూడు ఫొటోలకు ఈ అవసరం పడేవాళ్లకు గూగుల్ వాళ్ల స్నాప్‌సీడ్ ఉచితంగా సరిపోతుంది. లైట్‌రూమ్‌లో ప్రధాన పని ముగించి, 100 శాతం నాణ్యతతో జేపీజీ తీసుకుని, స్నాప్‌సీడ్‌లో సెలెక్టివ్ లేదా బ్రష్‌తో ఆ ఒక్క చోటు సరిచేసుకోవచ్చు. నెల్లూరులో పెన్నా ఒడ్డున రంగనాథస్వామి గుడి గాలిగోపురం కింద నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే గోపురం వెనక్కి వాలినట్టు వస్తుంది. లైట్‌రూమ్ జామెట్రీకి డబ్బు కావాలి, స్నాప్‌సీడ్ పర్‌స్పెక్టివ్‌కు అక్కర్లేదు. అసలు దూరం జరిగి, ఫోన్‌ను నిటారుగా పట్టుకుని, 2ఎక్స్ లెన్సుతో తీస్తే రెండూ అక్కర్లేదు. పెళ్లిళ్లు, దుకాణాల సరుకు ఫొటోలు వందల్లో తీసి ఒకే రంగు కుదుర్చుకోవాల్సిన వాళ్లకు చందా గిట్టుబాటవుతుంది. ప్రీమియం అంతా తెరిచేశామంటూ తిరిగే దొంగ ఏపీకే ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దు. ఎవరు మార్చారో తెలియని యాప్‌లో మీ గూగుల్ ఖాతాతో లాగిన్ అవుతున్నారన్న సంగతి గుర్తుంచుకోండి.

ఎడిట్ చేసేటప్పుడు ఫోన్‌లో కళ్లకు హాయినిచ్చే పసుపు తెర ఆఫ్ చేయండి. అది ఉంటే వైట్ బ్యాలెన్స్ అంతా నీలానికి జరిపేస్తారు. ఎండలో నిలబడి ఎడిట్ చేయొద్దు, తెర మసకగా కనిపించి ఎక్స్‌పోజర్ ఎక్కువ పెడతారు. రోహిణి కార్తెలో ఫోన్ వేడెక్కి తనంతట తనే తెర వెలుగు తగ్గించుకుంటుంది కూడా. రెండు వేళ్లతో ఫొటో మీద తడుతూ ఉంటే హిస్టోగ్రామ్ (చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంతుందో చూపే పటం) వస్తుంది, అనుమానం వచ్చినప్పుడు కంటిని కాక దాన్ని నమ్మండి.

పంపే దగ్గర: ఇన్‌స్టాగ్రామ్‌కు నిలువు ఫొటో 4:5కు క్రాప్ చేసి 1080 బై 1350 పిక్సెళ్లతో తీస్తే అక్కడ సైజు మళ్లీ తగ్గించాల్సిన పని పడదు. అందుకు ఎక్స్‌పోర్ట్ యాజ్‌లో పొడవు వైపు 1350 అని ఇవ్వాలి. కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ ఉంచండి, వేరేది పెడితే కొన్ని ఫోన్లలో పులుసు ఎరుపు వెలిసిపోయి కనిపిస్తుంది. వాట్సాప్‌లో పంపేది కొనుగోలుదారుకైతే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, రాయి చుక్కలు నిలుస్తాయి. మెటాడేటాలో (ఫొటోతో పాటు దాగి వెళ్లే వివరాల్లో) లొకేషన్ టిక్ తీసేయండి.

చివరగా, అందరికన్నా ఉచితంగా వాడేవాళ్లకే ఎక్కువ నష్టం తెచ్చే సంగతి. లైట్‌రూమ్ కెమెరాతో తీసిన ఫొటో ఫోన్ గ్యాలరీలో ఉండదు, యాప్ సొంత నిల్వలో ఉంటుంది. చందా లేకపోతే క్లౌడ్‌లో నకలు కూడా లేదు. మెమరీ నిండిందని యాప్ తీసేసినా, సెట్టింగుల్లో క్లియర్ డేటా నొక్కినా ఆ ఫొటోలు, ఎడిట్లు, ప్రీసెట్లు అన్నీ పోతాయి. యాప్ తీసేయకపోయినా పోయే రోజు వస్తుంది: 2020 ఆగస్టులో ఐఫోన్ లైట్‌రూమ్ 5.4 అప్‌డేట్‌తో క్లౌడ్‌లోకి చేరని ఫొటోలు, ప్రీసెట్లు చాలామందికి తుడిచిపెట్టుకుపోయాయి. అడోబ్ 5.4.1తో లోపం సరిచేసింది గానీ పోయినవాటిని తిరిగి ఇవ్వలేకపోయింది. ప్రతి ఆదివారం ఆ వారం ఫొటోలన్నీ ఎంచుకుని ఎక్స్‌పోర్ట్ చేయండి. ముఖ్యమైనవాటికి జేపీజీతో పాటు డీఎన్‌జీ కూడా తీసి కంప్యూటర్‌లోకో, ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకో దింపండి. గ్యాలరీలో తెరిచి చూసుకున్నాకే యాప్‌లోంచి చెరపండి.